విండోల మధ్య గట్టు, దాని మీద మౌస్ బాణం

తెర మీద రెండు ఫైళ్ళు పక్కపక్కన తెరుచుకుని పనిచేసేవాళ్ళందరికీ ఈ అనుభవం ఉంటుంది. కళ్ళు ఎడమవైపు ఫైలు మీద ఉంటాయి, వేళ్ళు టకటకా కొడుతుంటాయి, అక్షరాలు మాత్రం కుడివైపు ఫైల్లో పోయి పడుతుంటాయి. పరధ్యానం అని మనల్ని మనమే తిట్టుకుంటాం. నిజానికి ఏ విండో మన చేతికింద ఉందో, ఏది ఊరికే కూర్చుందో తెర మనకు సరిగ్గా చెప్పలేదు. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందో విండోల మధ్య గీత చెప్పాలి. చెయ్యి ఎక్కడుందో, అక్కడ నొక్కితే ఏమవుతుందో మౌస్ బాణం చెప్పాలి. ఈ రెండింటినీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చని ఎడిటర్ వాడేవాళ్ళలో చాలామందికి తెలుసు. మార్చేవాళ్ళలో ఎక్కువమంది మాత్రం అందం కోసం మారుస్తారు, అందం కోసం మార్చినప్పుడు మొదట పోయేది ఆ సమాచారమే.

ఉదాహరణకు ఈమాక్స్ అనే ఎడిటర్‌ను తీసుకుంటాను. మార్చుకోవడానికి వీల్లేనిది అందులో దాదాపు ఏమీ లేదు, అందుకే మార్చుకోవడంలో ఉన్న తిప్పలన్నీ అక్కడే కనిపిస్తాయి. 1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో, టెకో అనే ఎడిటర్‌ మీద రాసిన మ్యాక్రోల మూటగా అది పుట్టింది. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో బయటపెట్టాడు. లినక్స్, యూనిక్స్ తెరలను దశాబ్దాల పాటు ఏలిన ఎక్స్ విండో సిస్టమ్ పదకొండో కూర్పు వచ్చింది 1987లో. అంటే కీబోర్డుతో మొత్తం సంసారం కుదురుకున్నాక ఈమాక్స్‌లోకి మౌస్ వచ్చింది. అందులో మౌస్‌కు ఇచ్చిన చోటు చూస్తే ఆ సంగతి ఇప్పటికీ తెలుస్తుంది.

ముందు పేర్ల చిక్కు ఒకటి విప్పుకోవాలి, లేకపోతే సెట్టింగుల్లో దారి తప్పుతాం. లోకమంతా విండో అనేదాన్ని ఈమాక్స్ ఫ్రేమ్ అంటుంది. ఆ ఫ్రేమ్ లోపల తెరను పంచుకున్న ఒక్కో ముక్కనీ విండో అంటుంది. కంట్రోల్-ఎక్స్ కొట్టి 2 నొక్కితే విండో పైకీ కిందికీ చీలుతుంది, 3 నొక్కితే పక్కపక్కకి. 1 నొక్కితే ఉన్నది ఒక్కటే మిగిలి తక్కినవన్నీ పోతాయి, 0 నొక్కితే ఉన్నదే పోతుంది. ఈ చివరి రెండింటినీ తారుమారు చేసి గుండె జారినవాళ్ళు కంగారు పడక్కర్లేదు, ఫైలు ఎక్కడికీ పోలేదు, కనబడటం మానేసింది, అంతే. మొత్తానికి విండో సరిహద్దు అన్నప్పుడు రెండు వేరువేరు వస్తువులున్నాయి: ఫ్రేమ్ చుట్టూ ఉండేది, ఫ్రేమ్ లోపల విండోల మధ్య ఉండేది.

చుట్టూ ఉండేదాని సంగతి త్వరగా చెప్పేస్తాను. పైనుండే టైటిల్ పట్టీ, అంచులు ఈమాక్స్ సొంతం కావు, డెస్క్‌టాప్‌వి. 2018లో వచ్చిన 26.1 కూర్పు నుంచి వాటిని వద్దనుకునే వీలుంది. ఫ్రేమ్‌కు అన్‌డెకరేటెడ్ అనే గుణాన్ని ఇస్తే టైటిల్ పట్టీ మాయమవుతుంది. దానితోపాటు మూసే బటనూ, ఫ్రేమ్‌ను జరపడానికి పట్టుకునే చోటూ మాయమవుతాయి. ఈ రెండోది తీసేశాకగానీ గుర్తుకు రాదు. ఇంటర్నల్ బోర్డర్ అని ఇంకొకటుంది, ఫ్రేమ్ అంచుకూ లోపలి విండోలకూ మధ్య వదిలే ఖాళీ. కొన్ని పిక్సెళ్ళు పెంచితే అక్షరాలు అంచుకు అతుక్కోకుండా ఉంటాయి. కళ్ళకు హాయి, అంతకు మించి దాని వల్ల ఒరిగేది లేదు.

అసలు కథ లోపలి గీతది. ఏమీ మార్చని ఈమాక్స్‌లో రెండు విండోల మధ్య స్క్రోల్ బార్ ఉంటుంది, సరిహద్దు పనీ అదే చేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు ఎవరో చెప్పిన సలహా విని మొట్టమొదట తీసేసేది దాన్నే. తీసేశాక ఒక సన్నని నిలువు గీత మిగులుతుంది. దాని రంగు వర్టికల్-బోర్డర్ అనే ఫేస్ చేతిలో ఉంటుంది. ఫేస్ అంటే ఈమాక్స్ లెక్కలో ఒక రూపం: రంగు, ఫాంటు, గీతలు అన్నీ కలిపి పెట్టుకున్న పేరు. ముదురు నేపథ్యం, దాని మీద అంతకంటే కొంచెమే లేత గీత, పైగా 4కే తెర. గీత ఉందని మాన్యువల్ చెబుతుంది, కళ్ళు ఒప్పుకోవు.

టెర్మినల్‌లో ఈమాక్స్ నడిపేవాళ్ళకు ఆ గీత కూడా ఒక అక్షరమే. ఒక్కో వరుసకు ఒక్కో నిలువు గీత గుర్తు పడుతుంది. వరుసల మధ్య ఎడం వల్ల అది తెగిన గీతలా కనిపిస్తుంది. యూనికోడ్‌లో పెట్టెలు గీయడానికే ఉద్దేశించిన గుర్తులున్నాయి. వాటిలో 2502 సంకేతం ఉన్న నిలువు గీతను డిస్‌ప్లే టేబుల్‌లో వర్టికల్-బోర్డర్ అనే గడిలో పెడితే ఆ తెగిన చోట్లు చాలావరకు అతుక్కుంటాయి. తెలుగు రాసేవాళ్ళకు ఇక్కడే మరో బాధ ఉంది. ఒత్తులతో కూడిన అక్షరం ఎన్ని గళ్ళు ఆక్రమిస్తుందో ఈమాక్స్ వేసే లెక్క ఒకటి, టెర్మినల్ వేసే లెక్క ఇంకొకటి. రెండూ కలవని వరుసల్లో గీత పక్కకు జరిగి, నిటారుగా ఉండాల్సిన సరిహద్దు వంకరలు తిరుగుతుంది. దీనికి గీత రంగు మార్చి లాభం లేదు. గ్రాఫికల్ ఫ్రేమ్‌లో పని చేయడమే మందు. అక్కడ గీత స్థానం పిక్సెళ్ళలో ఖాయమవుతుంది, పైగా 2020లో వచ్చిన 27.1 నుంచి అక్షరాలను అమర్చే హార్ఫ్‌బజ్ సాయంతో ఒత్తులు కూడా కుదురుగా కూర్చుంటాయి.

గ్రాఫికల్ ఈమాక్స్‌లో ఈ సన్నగీతకు బదులుగా డివైడర్లు ఉన్నాయి. 2014 నాటి 24.4లో ఫ్రేమ్ గుణాలుగా వచ్చాయి, 2016 నాటి 25.1లో విండో-డివైడర్-మోడ్ అనే ఒక్క ఆదేశంతో వేసి తీసేసే వీలు వచ్చింది. ఏమీ చెప్పకపోతే వెడల్పు 6 పిక్సెళ్ళు, కుడివైపు మాత్రమే. కిందివైపు కూడా కావాలంటే విడిగా అడగాలి. ఈ 6 పిక్సెళ్ళలో మొదటిదానికి ఒక ఫేస్, చివరిదానికి ఒక ఫేస్, నడుమ ఉన్నవాటికి ఒక ఫేస్. వెడల్పు 3 కంటే తక్కువైతే ఈ తేడాలు పోయి మొత్తం ఒకే రంగు. ఉబ్బెత్తుగా, నీడతో సహా కనబడే గీత కావాలన్న 1990ల నాటి అభిరుచి కోసం ఈ మూడు ఫేసులు పెట్టారని అనిపిస్తుంది. కానీ వాటితో ఇంతకంటే పనికొచ్చే పని ఒకటి చేయవచ్చు.

మౌస్‌తో ఒక వస్తువును అందుకోవడానికి పట్టే సమయం దాని దూరం మీదా, వెడల్పు మీదా ఆధారపడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే తేల్చాడు. అప్పటికి మౌస్ ఇంకా పుట్టలేదు, ఆయన కొలిచింది మనుషుల చేతి కదలికలను. లెక్క మాత్రం తెరకూ అతికినట్టు సరిపోయింది. గీత సన్నగా ఉంటే చూడటానికి నాజూకు, పట్టుకుని లాగడానికి నరకం. వెడల్పుగా ఉంటే లాగడం సులువు, చూడటానికి మొరటు. ఈ రెండూ కలవవని చాలామంది ఏదో ఒకదానికి సరిపెట్టుకుంటారు. సరిపెట్టుకోనక్కర్లేదు. డివైడర్ వెడల్పు 6 పిక్సెళ్ళే ఉంచండి. మొదటి పిక్సెల్‌కు మాత్రం కొట్టొచ్చినట్టు కనబడే రంగు ఇవ్వండి. నడుమ ఉన్నవాటికీ, చివరిదానికీ నేపథ్యం రంగే ఇవ్వండి. కంటికి ఒక పిక్సెల్, చేతికి ఆరు.

ఇంతకీ ఈ డివైడర్ ఎవరి స్థలంలో ఉంటుంది? మన ఊళ్ళలో గట్టు తగాదాలు తరాల తరబడి నడుస్తాయి. గట్టు ఎవరి పొలంలోదని సర్వేయరు వచ్చి గొలుసు వేసినా తేలదు. ఈమాక్స్‌లో ఆ పేచీ లేదు: పక్కపక్కనున్న రెండు విండోల్లో గట్టు ఎడమవాడిది. పైనా కిందా ఉన్నవాటిలో పైవాడిది. రెండు గట్లు మూల దగ్గర కలిస్తే అడ్డంగా ఉన్నదే గెలుస్తుంది, నిలువుది దాని పైనే ఆగిపోతుంది. ఇది ఊరికే తెలుసుకోవాల్సిన వింత కాదు. డివైడర్ వెడల్పంతా ఎడమ విండో లెక్కలోంచే పోతుంది కాబట్టి, సరిగ్గా 80 అక్షరాలు పట్టేలా అమర్చుకున్న ఎడమ విండోలో డివైడర్ వేశాక చివరి అక్షరాలు కింది వరుసకు దూకుతాయి. కుడివాడికి ఏ నష్టమూ ఉండదు. కారణం తెలియకపోతే ఫాంటును అనుమానిస్తూ సాయంత్రం గడిచిపోతుంది.

ఇక్కడ అసలు లోటు ఒకటి ఒప్పుకోవాలి. రంగు ఎంత మార్చినా ఈ గీత మొదట చెప్పిన సమస్యను తీర్చదు. గట్టు ఇద్దరి మధ్యా ఉన్నది. ఎక్కడ ఒకరు ఆగారో చెబుతుందిగానీ ఇప్పుడు పనిలో ఉన్నది ఎవరో చెప్పదు. డివైడర్ ఫేస్‌లో చేతికింద ఉన్న విండోకు ఒక రంగు, మిగతావాటికి ఇంకొకటి అనే ఏర్పాటు లేదు.

ఆ పని మోడ్‌లైన్‌ది, ప్రతి విండో అడుగునా ఫైలు పేరుతో ఉండే పట్టీ. దానికి రెండు రూపాలుంటాయి, పనిలో ఉన్న విండోకు ఒకటి, లేనివాటికి మోడ్‌లైన్-ఇనాక్టివ్ అనే మరొకటి. మామూలుగా రెండూ బూడిద రంగు ఛాయలే, దగ్గర దగ్గర ఛాయలు. థీమ్ రాసేవాళ్ళలో కొందరు ఆ కాస్త తేడా కూడా రుచించక ఇంకా దగ్గరికి తెస్తారు. మీరు మార్చేది ఒక్కటే అయితే ఈ రెండింటి మధ్య తేడాను పెంచండి. చుట్టూ ఉబ్బెత్తు బటన్‌లా కనబడే పెట్టె నచ్చకపోతే బాక్స్ అనే గుణాన్ని తీసేయవచ్చు. దాని మందం మైనస్ 1 అని రాసి ఉండటం చూసి కంగారు పడకండి. మైనస్ ఉంటే గీతను లోపలికి గీస్తారు, పట్టీ ఎత్తు పెరగదు. మందానికి మైనస్ ఏమిటని లెక్కల మాస్టారు అడిగితే జవాబు ఇదే.

కర్సర్ కూడా ఇదే సంగతి చెబుతుంది. పనిలో ఉన్న విండోలో నిండు పెట్టెగా, మిగతావాటిలో బోలు పెట్టెగా కనిపిస్తుంది. చిందరవందరగా ఉందని ఆ బోలు పెట్టెలను తీసేసేవాళ్ళూ ఉన్నారు. తీసేసినా నష్టం లేదు, మోడ్‌లైన్ తేడా గట్టిగా ఉంటే. రెండూ తీసేసి తెర ప్రశాంతంగా ఉందని మురిసేవాళ్ళకు ఆ ప్రశాంతత ఖరీదు మొదటి పేరాలోనే చెప్పాను.

విండోకు ఇరుపక్కలా 8 పిక్సెళ్ళ వెడల్పున ఉండే ఫ్రింజ్ గురించి ఒక్క మాట. 2001లో ఈమాక్స్ 21తో వచ్చిన ఈ పట్టీ ఖాళీ స్థలంలా కనబడుతుంది కాబట్టి దాన్ని సున్నా చేసేయాలనిపిస్తుంది. వరుస చాలక కిందికి మళ్ళినప్పుడు వంపు బాణం పడేది అక్కడే. ఫ్రింజ్ తీసేస్తే ఆ బాణానికి బదులు వరుస చివర అక్షరాల మధ్యలోనే ఒక వాలుగీత వచ్చి కూర్చుంటుంది. ప్రోగ్రాం రాసేవాళ్ళు ఆ వాలుగీత తాము కొట్టిందేనని నమ్మి తుడిచేయడానికి ప్రయత్నిస్తారు, అది తుడుచుకుపోదు.

ఇక బాణం.

ఎక్స్ మీద నడిచే ఈమాక్స్‌లో బాణం ఆకారాన్ని మార్చడానికి ఎక్స్-పాయింటర్-షేప్ అనే వేరియబుల్ ఉంది. ఆకారాలు ఎక్స్‌తో పాటు వచ్చే కర్సర్ ఫాంట్‌లోవి, మొత్తం 77. ప్రతి ఆకారానికీ దాని ముసుగు కూడా పక్కనే ఉంటుంది కాబట్టి సంఖ్యలు రెండేసి చొప్పున నడుస్తాయి, 0తో మొదలై 152తో ముగుస్తాయి. ఆ 152 అక్షరాల మీద కనబడే నిలువు కడ్డీ, పేరు ఎక్స్‌టర్మ్. 68 మామూలు బాణం. 28 కాఫీ కప్పు, 62 గుండె గుర్తు, 88 సముద్రపు దొంగ, 122 సాలీడు, 56 గంబీ అనే అమెరికన్ మట్టిబొమ్మ. సముద్రపు దొంగ ఉన్నాడు సరే, ఎవరికి కావాలని అడిగితే 1980ల ప్రయోగశాలల హాస్యం అలాంటిదని సరిపెట్టుకోవాలి. ఆ హాస్యాన్ని దాదాపు 40 ఏళ్ళుగా ప్రతి ఎక్స్ సర్వరూ మోస్తోంది.

సరే, సాలీడు కావాలనుకుని వేరియబుల్‌కు 122 ఇచ్చారనుకోండి. ఏమీ జరగదు. మళ్ళీ ఇచ్చినా జరగదు. డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం ఉంది: కొత్త ఫ్రేమ్ తెరిచినప్పుడో, మౌస్ రంగు మార్చినప్పుడో మాత్రమే ఈ విలువ అమల్లోకి వస్తుంది. కాబట్టి ఆకారం మార్చాలంటే రంగు మార్చాలి, ఉన్న రంగునే మళ్ళీ ఇచ్చినా చాలు. దీని వెనక ఉన్నది పాత పని పద్ధతి: రంగు మార్చినప్పుడు ఈమాక్స్ అన్ని ఆకారాలనూ కొత్తగా తయారు చేసుకుంటుంది, ఆ సమయంలోనే ఈ వేరియబుళ్ళను చదువుతుంది. మిగతా వేళల్లో వాటి వైపు చూడదు. ఆఫీసులో ఫైలు కదలాలంటే దానితో సంబంధం లేని ఇంకో దరఖాస్తు పెట్టాల్సి రావడం మనకు కొత్తేమీ కాదు.

అయితే రంగు మారిందా? చాలా డెస్క్‌టాప్‌ల మీద అదీ మారదు. ఎక్స్ పుట్టినప్పుడు బాణానికి రెండే రంగులు, ఒకటి ఒంటికి, ఒకటి అంచుకు. ఈమాక్స్‌లోని సెట్-మౌస్-కలర్ ఆ కాలానిది. ఆ తర్వాత పూర్తి రంగులతో, నీడలతో వచ్చే కర్సర్ థీమ్‌లు వచ్చాయి. వాటికి రంగు మార్చమని పంపిన పాత విన్నపం పనిచేయదు, బొమ్మ తన రంగులతోనే ఉంటుంది. థీమ్‌లో లేని ఆకారాన్ని అడిగితే మాత్రం పాత ఫాంట్‌లోని రెండు రంగుల బొమ్మ వస్తుంది, అది చెప్పిన రంగు వింటుంది. ఫలితంగా మామూలు బాణానికి ఎరుపు రంగు వేయలేని మనిషి ఎర్ర సముద్రపు దొంగను మాత్రం తెచ్చుకోగలడు. విండోస్, మ్యాక్ వాడేవాళ్ళకు ఈ వినోదం లేదు, అక్కడ బాణం రూపురేఖలు ఆపరేటింగ్ సిస్టమ్‌వి.

ఈమాక్స్‌ను డీమన్‌గా, అంటే ఫ్రేమ్ తెరవకుండా వెనకాల, నడిపేవాళ్ళకు ఇంకో మెలిక. సెట్టింగుల ఫైలు చదివే వేళకు ఒక్క గ్రాఫికల్ ఫ్రేమ్ కూడా ఉండదు, రంగు మార్చే ఆదేశం గాలికి పోతుంది. మౌస్ రంగు, డివైడర్ వెడల్పు లాంటివాటిని డిఫాల్ట్-ఫ్రేమ్-అలిస్ట్‌లో పెడితే ఆ తర్వాత పుట్టే ప్రతి ఫ్రేమ్ వాటితోనే పుడుతుంది.

ఇంత చెప్పాక నా అభిప్రాయం: ఆకారాల జోలికి పోవద్దు. అక్షరాల మీద నిలువు కడ్డీ అంటే ఇక్కడ నొక్కితే కర్సర్ వచ్చి నిలబడుతుందని అర్థం. లింకు మీద చెయ్యి, డివైడర్ మీద రెండు తలల బాణం, రాత లేని ఖాళీ మీద మామూలు బాణం. ప్రతి ఆకారం ఒక సమాచారం. అక్షరాల మీద కాఫీ కప్పు పెడితే కప్పులో ఏ బిందువు దగ్గర నొక్కు పడుతుందో వెతుక్కోవాలి. ఈమాక్స్‌లో ప్యాకేజీలు రాసేవాళ్ళకు పాయింటర్ అనే టెక్స్ట్ ప్రాపర్టీ అందుబాటులో ఉంది. నొక్కదగ్గ మాట మీదికి రాగానే బాణం చెయ్యిగా మారేలా చేయవచ్చు. ఆకారం మార్చాలన్న సరదా ఉంటే అక్కడ తీర్చుకోవచ్చు, అది ఇంకొకరికి ఉపకారం.

బాణం ఆకారం కంటే అది ఎక్కడుందన్నదే పెద్ద తంటా. టైప్ చేస్తున్న మాట మీదే వచ్చి కూర్చుని, చదవాల్సిన అక్షరాన్ని కప్పేస్తుంది. దీనికి ఈమాక్స్ ఇచ్చే మందు టైప్ చేయగానే బాణాన్ని దాచేయడం. ఇది మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, చాలామందికి ఇదొక్కటే చాలు. చాలనివాళ్ళ కోసం మౌస్-అవాయిడెన్స్-మోడ్ ఉంది. బానిష్ అంటే ఏ కీ నొక్కినా బాణాన్ని ఫ్రేమ్ కుడి పైమూలకు వెళ్ళగొడుతుంది. ఎగ్జైల్ అంటే కర్సర్ దగ్గరికొస్తేనే వెళ్ళగొట్టి, కర్సర్ దూరమయ్యాక తిరిగి రానిస్తుంది. జంప్ అంటే దొరికిన దిక్కుకు ఎగరగొడుతుంది. యానిమేట్ అంటే అదే పని, కళ్ళ ముందే పాకుతూ పోయేలా. దీనికే పిల్లీ ఎలకా అన్న అర్థంలో ఇంకో పేరు కూడా ఉంది. చివరిది ప్రోటియస్. రూపాలు మార్చే గ్రీకు సముద్ర దేవత పేరు పెట్టుకున్న ఈ పద్ధతిలో బాణం పాకుతూ పోవడమే కాక దారిలో ఆకారం కూడా మారుస్తుంది. దీన్ని రాసినవారికి ఆ రోజు పనేమీ లేదని నా అనుమానం.

గీతకూ బాణానికీ నిజంగా సంబంధం కలిసేది మౌస్-ఆటోసెలెక్ట్-విండో దగ్గర. మామూలుగా ఇది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే, బాణం గట్టు దాటగానే ఆ విండో మీ చేతికింద విండో అవుతుంది, నొక్కక్కర్లేదు. మౌస్ కాస్త తగిలి పక్క విండోలోకి జారినా అక్షరాలు అక్కడే పడతాయి కాబట్టి దీనికి ఆలస్యం చేర్చుకోవచ్చు. విలువ 0.5 ఇస్తే బాణం అరసెకను పాటు ఆ విండోలో ఉంటేనే మారుతుంది. మైనస్ 0.5 ఇస్తే బాణం కదలడం ఆగాకే మారుతుంది. ఈ మైనస్‌కు మోడ్‌లైన్ మైనస్‌తో చుట్టరికం లేదు. ఇంకో హెచ్చరిక: ఆటోసెలెక్ట్ పనిని మౌస్ ఉన్నచోటికి పంపుతుంది, అవాయిడెన్స్ మౌస్‌ను పని ఉన్నచోటి నుంచి తరుముతుంది. రెండింటినీ ఒకేసారి పెట్టుకోవాలన్న ఆలోచన రానివ్వకండి.

మిగతా ఎడిటర్లలో ఇంత అడవి లేదు. విమ్‌లో ఫిల్‌చార్స్ అనే ఆప్షన్‌తో నిలువు సరిహద్దు గుర్తును, గ్రాఫికల్ కూర్పులో మౌస్‌షేప్‌తో ఏ మోడ్‌లో ఏ బాణమో మార్చవచ్చు. మోడ్‌ను బట్టి బాణం మారడం మాత్రం మంచి ఊహ, విమ్‌లో మోడ్ తెలియకపోతే కొంప మునుగుతుంది కాబట్టి. వీఎస్ కోడ్‌లో విండోల మధ్య పట్టుకుని లాగే పట్టీని శాష్ అంటారు, వెడల్పు మామూలుగా 4 పిక్సెళ్ళు, సెట్టింగుల్లో పెంచుకోవచ్చు. బాణం దాని మీదికి వెళ్ళినప్పుడే రంగు చూపిస్తుంది. ఈమాక్స్‌లో మనం మూడు ఫేసులతో సాధించినదాన్ని అక్కడ అడగకుండానే ఇచ్చారు. ఇందులో ఈమాక్స్ వెనకబడిందని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఈమాక్స్ వాడే పాఠకులకు నా సలహా చిన్నది. విండో-డివైడర్-మోడ్ వేసి మొదటి పిక్సెల్‌కు మాత్రమే రంగు ఇవ్వండి. రెండు మోడ్‌లైన్ల మధ్య తేడా ఒక చూపులో తెలిసేలా పెంచండి. ఫ్రింజ్‌ను ముట్టుకోవద్దు. బాణం చిన్నగా ఉంది, కనబడటం లేదు అనిపిస్తే దాని పరిమాణం కోసం ఈమాక్స్ మాన్యువల్ తిరగేయకండి. ఆ సెట్టింగు డెస్క్‌టాప్‌లో ఉంటుంది.